దీవాన్ నుంచి డేటాబేస్ దాకా: మన రిజ్క్ రాసే రిజిస్టర్ల కథ

మా ఖాలా వేళ్ల మీద గీతలు లేవు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లవి. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, కొన మడిచి, దారం కట్టి, రోజుకు వెయ్యి బీడీలు చేసిన వేళ్లు. ఆ పనిలో గీతలన్నీ అరిగిపోయాయి.

కంట్రోల్ షాపులో మిషన్ మీద ఆమె కుడి బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది. పడలేదు. డీలర్ చెయ్యి కడుక్కొని రమ్మన్నాడు. కడుక్కొని, దుపట్టాతో తుడుచుకొని మళ్లీ పెట్టింది. పడలేదు. వెనక లైన్లో జనం విసుక్కుంటున్నారు. "రేపు రా ఖాలా, సర్వర్ బాగుంటే పడుతుంది" అన్నాడు డీలర్. అతను ఆమెను పాతికేళ్లుగా ఎరుగును. ఆమె ఇంట్లో పెళ్లికి ఖానా తిని పోయినవాడు. అతని కళ్లు ఆమెను గుర్తుపట్టాయి. కానీ అతని కళ్లకు ఇప్పుడు ఆ షాపులో ఇఖ్తియార్ లేదు.

ఖాళీ సంచీ మడుచుకుంటూ ఖాలా అన్న మాట నాకింకా గుర్తుంది. "మిషిన్ మేరెకు నై పెహచాన్‌రీ బేటా."

ఆ మాట నన్ను చాలా దూరం తీసుకెళ్లింది. ఎవరికి తిండి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని జాబితా రాయడం ఎప్పుడు మొదలైంది? ఆ జాబితా తప్పైతే ఎవరు దిద్దారు? ఈ సవాళ్లకు జవాబు వెతికితే మిషన్ల కంటే చాలా ముందుకు, మదీనా దాకా వెళ్లాల్సి వచ్చింది.

మదీనాలో మొదటి రిజిస్టర్

హజ్రత్ ఉమర్ (రజి.) ఖిలాఫత్‌లో ఇరాక్, షామ్, మిస్ర్ నుంచి బైతుల్ మాల్‌కు సొమ్ము వచ్చిపడసాగింది. దాన్ని ఎవరికి ఎంత పంచాలి? అందుకోసం పేర్లు రాసిన దఫ్తర్ తయారైంది. దానికే దీవాన్ అని పేరు. హిజ్రీ 20 ప్రాంతంలో ఇది జరిగిందని ఎక్కువమంది చరిత్రకారులు రాశారు. తెగల వారీగా, వరుస ప్రకారం పేర్లు రాసి, ఒక్కొక్కరికి ఏటా ఇవ్వాల్సిన వజీఫా పక్కన రాశారు. నగదుతో పాటు ధాన్యం కూడా ఇచ్చేవారు.

ధాన్యం ఎంత ఇవ్వాలో ఎలా తేల్చారన్నది చాలా దిల్‌చస్ప్ సంగతి. ఒక జరీబ్ (అప్పటి కొలత) గోధుమలు పిండి పట్టించి, రొట్టెలు చేయించి, ముప్పై మందిని పిలిచి కడుపునిండా తినిపించారట. సాయంత్రం మళ్లీ ఇంకో జరీబ్‌తో అలాగే చేశారట. రెండు పూటలకు ముప్పై మందికి రెండు జరీబ్‌లు సరిపోయాయి గనుక, ఒక మనిషికి ముప్పై రోజులకు రెండు జరీబ్‌లు చాలునని హిసాబ్ కట్టారని రివాయత్. పధ్నాలుగు వందల ఏళ్ల కింద ఒక ప్రభుత్వం తలసరి రేషన్‌ను వండి, వడ్డించి, చూసి తేల్చిందన్నమాట.

ఈ రిజిస్టర్‌లో మొదట ఒక షరతు ఉండేది. పసిబిడ్డల పేరు పాలు మానిన తర్వాతే రాసేవారు. కాగితం మీద చూస్తే ఇందులో తప్పేమీ లేదు. పాలు తాగే బిడ్డకు గోధుమలు ఎందుకు? ఏ ఆఫీసులో ఏ అధికారైనా ఇలాగే ఆలోచిస్తాడు.

ఒక రాత్రి మదీనా బయట ఒక ఖాఫిలా దిగింది. హజ్రత్ ఉమర్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి.) ఇద్దరూ కాపలాకు వెళ్లారు. ఒక గుడారంలో బిడ్డ ఏడుపు వినిపించింది. ఉమర్ వెళ్లి బిడ్డను ఊరుకోబెట్టమని తల్లికి చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ చెప్పి వచ్చారు. తెల్లవారుజామున మూడోసారి వినిపిస్తే ఆ తల్లిని నిలదీశారు. ఆమెకు తాను మాట్లాడుతున్నది ఖలీఫాతో అని తెలియదు. బిడ్డకు పాలు మాన్పిస్తున్నానని, పాలు మానిన పిల్లలకే ఉమర్ వజీఫా ఇస్తాడు గదా అని చెప్పింది.

ఆ రోజు ఫజ్ర్ నమాజులో ఖలీఫా ఏడుపు వల్ల ఖిరాఅత్ జనానికి సరిగా వినిపించలేదని రాశారు. నమాజు అయ్యాక ఊరంతా ఎలాన్ చేయించారు. బిడ్డలకు తొందరపడి పాలు మాన్పించకండి, ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ వజీఫా ఉంటుంది అని. అన్ని సూబాలకూ అదే హుకుం వెళ్లింది.

ఈ వాఖియా మనం చిన్నప్పుడు మక్తబ్‌లో విన్నదే. ఉమర్ దయ గురించి చెప్పడానికి దీన్ని వాడతాం. కానీ ఇందులో ఇంకో సబక్ ఉంది. జాబితాలో రాసిన ఒక్క షరతు పసిబిడ్డల నోటి దగ్గరి పాలను దూరం చేసింది. రిజిస్టర్ చూస్తే ఆ సంగతి తెలియదు. రిజిస్టర్ లెక్క సరిగ్గానే ఉంది. రాత్రి నడిచి వెళ్లి, ఏడుపు విని, అడిగినందుకే తెలిసింది.

మదీనా కూపన్లు

తర్వాత ఒక తరానికి, మర్వాన్ బిన్ హకమ్ మదీనా గవర్నర్‌గా ఉన్న రోజుల్లో, ఇంకో సంగతి జరిగింది. మిస్ర్ నుంచి ఓడల్లో వచ్చే ధాన్యం ఎర్రసముద్రం ఒడ్డున అల్‌జార్ అనే రేవులో దిగేది. జనానికి ఆ ధాన్యం తీసుకోవడానికి చీటీలు ఇచ్చేవారు. ఆ చీటీలను సకూక్ అనేవారు. ఇవాళ బ్యాంకుల్లో వాడే 'చెక్' మాట ఈ 'సక్' నుంచే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు.

జనం ఏం చేశారు? ధాన్యం చేతికి రాకముందే చీటీలు అమ్ముకోవడం మొదలుపెట్టారు. కొన్నవాళ్లు మళ్లీ వేరేవాళ్లకు అమ్మారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి.), మరో సహాబీ మర్వాన్ దగ్గరికి వెళ్లి అభ్యంతరం చెప్పారు. స్వాధీనంలోకి రాని తిండి సరుకును అమ్మడం జాయిజ్ కాదన్నారు. మర్వాన్ సిపాయీలను పంపి జనం చేతుల్లోంచి ఆ చీటీలు వెనక్కి తెప్పించాడు. ఇమామ్ మాలిక్ (రహ్మ.) 'మువత్తా'లో ఈ సంగతి ఉంది.

అంటే రేషన్ సరుకు పక్కదారి పట్టడం కొత్త జబ్బు కాదు. జాబితాతో రెండు రకాల జుల్మ్ జరగొచ్చు. హక్కు లేనివాడికి అందడం ఒకటి. హక్కున్నవాడికి అందకపోవడం రెండోది. ఈ రెంటిలో దేన్ని పెద్ద పాపంగా చూస్తామన్నదాన్ని బట్టే ఆ తర్వాతి రిజిస్టర్లన్నీ తయారయ్యాయి.

'కంట్రోల్' అనే మాట

మన ఇళ్లలో ఇప్పటికీ రేషన్ బియ్యాన్ని కంట్రోల్ బియ్యం అనే అంటాం. పాతబస్తీలోనైతే కంట్రోల్ కా చావల్. ఈ మాట రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అప్పట్లో సర్కారు తిండిగింజల ధరలను, రవాణాను, అమ్మకాన్ని కంట్రోల్ చేస్తూ హుకుంలు జారీ చేసింది. యుద్ధం పోయింది, ఆంగ్లేయులు పోయారు, నిజాం పోయాడు. మాట మాత్రం ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే 1943లో బెంగాల్ ఖహత్ వచ్చింది. ఇరవై నుంచి ముప్పై లక్షల మంది చనిపోయారని అంచనాలు. కలకత్తా నగరంలో సర్కారు ఉద్యోగులకు, ఫ్యాక్టరీ కూలీలకు 'ముఖ్యమైనవాళ్లు' అనే జాబితా ఉంది. వాళ్లకు తిండి అందింది. జాబితాలో లేని పల్లెల్లో కూలీలు, పడవవాళ్లు, చేపలు పట్టేవాళ్లు చనిపోయారు. అమర్త్యసేన్ 1981లో రాసిన పుస్తకంలో దీన్నే చెప్పాడు. గింజలు లేక కాదు, గింజలు పొందే హక్కు, స్థోమత లేక జనం చచ్చిపోయారని.

హైదరాబాద్ రియాసత్‌లో అదే కాలంలో లెవీ ఉండేది. రైతు పండించిన ధాన్యంలో కొంత సర్కారుకు నిర్ణయించిన ధరకు ఇవ్వాలి. దేశ్‌ముఖ్‌లు, పెద్ద భూస్వాములు లెక్కలు తారుమారు చేసి తప్పించుకునేవారు. చిన్న రైతుల ఇళ్లలో మాత్రం తినడానికి దాచుకున్న గింజలు కూడా ఊడ్చుకుపోయేవారు. తెలంగాణ రైతాంగ పోరాటానికి నిప్పు రాజేసిన వాటిలో ఈ లెవీ జులుం ఒకటి. అక్కడా రిజిస్టర్ ఉంది. రాసే పట్వారీ ఎవరివైపు ఉన్నాడన్నదే అసలు సంగతి.

1965లో ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వచ్చింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. మా తరం పిల్లలు ఆ బియ్యం తిని పెరిగినవాళ్లమే. అమ్మీ చాటలో పోసి రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చొని ఉర్దూ ఖాయిదా చదువుకున్నాం. జొన్నరొట్టె, సంకటి తినే ఇళ్లలోకి రోజూ అన్నం వచ్చింది ఆ బియ్యంతోనే. ఒక పథకం ఒక ప్రాంతపు దస్తర్‌ఖాన్‌నే మార్చేసింది.

ఆ పాత రోజులు అంత సుహానా ఏమీ కాదు. డీలర్ నెలలో రెండు రోజులే షాపు తెరిచేవాడు. మిగతా రోజుల్లో స్టాక్ అయిపోయిందనేవాడు. తూకంలో కోత. కార్డులు తాకట్టు పెట్టుకునే డీలర్లు ఉండేవారు. లేని మనుషుల పేర్ల మీద బోగస్ కార్డులు ఉండేవి. ఆ బియ్యం రాత్రికి రాత్రి లారీలెక్కి పాలిష్ పట్టి మళ్లీ బజారుకొచ్చేది. ఈ దొంగతనం ఆపాలన్న తపన నుంచే మిషన్ వచ్చింది. ఆ తపన తప్పు కాదు.

మిషన్ కన్ను ఎటు చూసింది?

ఛత్తీస్‌గఢ్ కథ ముందు చెప్పుకోవాలి. ఆ రాష్ట్రం 2004లో రేషన్ షాపులను ప్రైవేటు డీలర్ల చేతుల్లోంచి తీసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు ఇచ్చింది. 2007 నుంచి ధాన్యం కొనుగోలు నుంచి గోదాముల దాకా కంప్యూటర్ లెక్కల్లోకి తెచ్చింది. బియ్యం మోసే లారీలకు పసుపు రంగు వేసింది. లారీ గోదాము నుంచి బయల్దేరితే కోరుకున్నవాళ్ల ఫోన్లకు మెసేజ్ వెళ్లేది. ఊరివాళ్లకు లారీ ఎప్పుడొస్తుందో తెలుసు. ఇక డీలర్ స్టాక్ రాలేదని ఎలా చెప్తాడు? ఒకప్పుడు సగం బియ్యం మాయమయ్యే ఆ రాష్ట్రం దేశానికి మిసాల్‌గా నిలిచింది. అక్కడ టెక్నాలజీ కన్ను లారీ మీద, గోదాము మీద, అంటే బలవంతుల మీద ఉంది.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010-12 మధ్య ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్ బృందం 157 మండలాల్లో దీన్ని పరిశీలించింది. డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో మింగేది తగ్గింది, జనం కూడా ఈ పద్ధతే మేలన్నారు. అక్కడ ఒక కిటుకు ఉంది. కార్డు లేనివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు పాత పద్ధతిలో ఇవ్వడం పూర్తిగా ఆపలేదు.

అదే బృందం తర్వాత ఝార్ఖండ్‌లో రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రను పరిశీలించింది. నతీజా వేరు. మొదటి దశలో దొంగతనం తగ్గలేదు. ఆధార్‌ను కార్డుకు కలపని కుటుంబాలకు అందే సరుకు మాత్రం సగటున 10 శాతం తగ్గింది. ఝార్ఖండ్‌లోనే 2017 సెప్టెంబరులో సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయింది. ఆధార్ కలపలేదని కార్డు కొట్టేశారు, నెలల తరబడి బియ్యం రాలేదు, ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియాతో పోయిందని అధికారులు అన్నారు. కార్డు రద్దయిన సంగతిని మాత్రం ఎవరూ కాదనలేదు. ఆ తర్వాత నెల, అక్టోబరు 2017లో, కేంద్రం రాష్ట్రాలకు రాతపూర్వకంగా చెప్పింది. ఆధార్ లేదని కార్డు కొట్టేయొద్దు, వేలిముద్ర పడలేదని బియ్యం ఆపొద్దు, వేరే గుర్తింపు చూసి ఇచ్చి, రిజిస్టర్‌లో రాసుకోండి అని. మా ఖాలాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె డీలర్‌కు కూడా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. మిషన్ మనకు మేలు కూడా చేసింది. ఒక డీలర్ దగ్గరే బందీగా ఉండాల్సిన అవసరం పోయింది. రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఒకే దేశం ఒకే కార్డు పథకం మొదలైంది ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, మహారాష్ట్ర-గుజరాత్ జంటలతోనే. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మేస్త్రీ పనికి వచ్చిన కుటుంబం ఇక్కడే బియ్యం తీసుకోగలుగుతోంది. ఇది చిన్న సంగతి కాదు. వేలిముద్ర పడినవాళ్లకు మిషన్ రహమత్. పడనివాళ్లకే ముసీబత్.

సయ్యద్ ఎవరు, సయ్యద్ ఎవరు కాదు?

వేలిముద్రనైనా కడుక్కొని మళ్లీ పెట్టొచ్చు. అంతకంటే లోతైన ఇంకో మిషన్ ఉంది. దాని ముందు మనం నిలబడే అవకాశమే రాదు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో సమగ్ర వేదిక అనే వ్యవస్థను తెచ్చింది. రవాణా శాఖలో బండ్ల లెక్క, కరెంటు మీటర్లు, భూములు, ఇళ్ల పన్ను, ఇలా వేర్వేరు శాఖల్లో ఉన్న వివరాలను కలిపి, ఒక మనిషి పేరున ఏమేం ఉన్నాయో చెప్పే సాఫ్ట్‌వేర్ అది. ఆహార భద్రతా కార్డుకు షరతులున్నాయి. పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర దాటకూడదు, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. మాగాణి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు మించకూడదు. కారు ఉండకూడదు. సాఫ్ట్‌వేర్ ఒక పేరు పక్కన కారు చూపిస్తే కార్డు పోతుంది.

ఒక శాఖలో ఉన్న పేరు, ఇంకో శాఖలో ఉన్న పేరు ఒకే మనిషివని సాఫ్ట్‌వేర్ ఎలా తేలుస్తుంది? పేరు, తండ్రి పేరు, అడ్రసు దగ్గరదగ్గరగా ఉన్నాయా అని చూస్తుంది. ఇక్కడ మన పేర్ల సంగతి ఆలోచించండి.

మనకు ఇంటిపేరు లేదు. ఫారంలో ఇంటిపేరు గడి ఉంటుంది కాబట్టి గుమాస్తా అక్కడ షేక్ అనో, సయ్యద్ అనో, మొహమ్మద్ అనో రాస్తాడు. అలా సగం బస్తీకి ఒకే ఇంటిపేరు వస్తుంది. మొహమ్మద్‌ను ఎండీ అని ఒకచోట, మొహద్ అని ఒకచోట, మహమ్మద్ అని ఇంకోచోట రాస్తారు. ఆడవాళ్లు పెళ్లికి ముందు బీ, తర్వాత బేగం, నిఖానామాలో ఉన్నీసా. ఉర్దూలో ఒకలా పలికే పేరును తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు. ఒకే మనిషి నలుగురిగా కనిపిస్తాడు. నలుగురు మనుషులు ఒకరిగా కనిపిస్తారు. పాతబస్తీ గల్లీల్లో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. పేర్లు పోల్చే ఏ సాఫ్ట్‌వేరైనా తడబడటానికి మన బస్తీలంత అనువైన చోటు ఇంకోటి లేదు.

హైదరాబాద్‌లో ఒక పేద బేవాకు అదే జరిగింది. ఆమె భర్త రిక్షా తొక్కి బతికినవాడు. అతనికి కారు ఉందని చెప్పి ఆమెకు కార్డు ఇవ్వలేదు. ఆ కారు దగ్గరి పేరున్న వేరే మనిషిది. జీవితమంతా రిక్షా తొక్కినవాడు బతికుండగానే డేటాబేస్‌లో కారు ఓనర్ అయ్యాడు. నోటీసు లేదు, అడిగినవాడు లేడు. ఆమె హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఈ సంగతిని జర్నలిస్టులు 2024 జనవరిలో లోకానికి చెప్పారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. తెలంగాణలో 2014-2019 మధ్య 18.6 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. కొత్తగా పెట్టుకున్న 1.42 లక్షల దరఖాస్తులు తిరస్కరించారు. హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీని మీద కోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డుల మీద క్షేత్రస్థాయిలో విచారణ జరపాలని ఆదేశించింది. అంటే మనుషులు ఇంటింటికీ నడిచి వెళ్లి చూడాలి.

నడిచి వెళ్లి చూస్తే ఏం తేలింది? 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. 2022 జూలై నాటికి 2,05,734 పరిశీలించారు. వాటిలో 15,471 కుటుంబాలు నూటికి నూరుపాళ్లు హక్కుదారులని తేలింది. అంటే వందకు ఏడున్నర. కంప్యూటర్ మనుషులకు ఈ సంఖ్య చిన్న పొరపాటుగా కనిపించొచ్చు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా అరవై వేల మంది నోటి దగ్గరి ముద్ద అది.

ఇంకో సంగతి గమనించండి. కోర్టు చెప్పకముందు తప్పు ఎక్కడుందో నిరూపించే భారం ఎవరి మీద ఉంది? కార్డు పోయిన బేవా మీద. తనకు కారు లేదని ఆమె నిరూపించాలి. లేని దానికి సబూత్ ఎక్కడ తేవాలి? మన షరీఅత్‌లో దావా వేసినవాడే గవాహీ తేవాలి. మన దేశ ఖానూన్‌లో కూడా అంతే. డేటాబేస్ ముందు మాత్రం ఇది తిరగబడింది.

జాతరీ క్యాంపులో కనుపాప

ఇది మన ఊరి కథ మాత్రమే కాదు. జోర్డాన్‌లోని జాతరీ క్యాంపులో సిరియా ముహాజిర్లు ఉన్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఇచ్చే సాయంతో సరుకులు కొనాలంటే సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర కనుపాప స్కాన్ చేయించుకోవాల్సిన పద్ధతి అక్కడ 2016లో వచ్చింది. 2017లో అజ్రఖ్ క్యాంపులో పదివేల మంది హిసాబ్‌ను బ్లాక్‌చెయిన్‌లో పెట్టారు. నగదు మోయక్కర్లేదు, కార్డు పోతుందన్న భయం లేదు, బ్యాంకులకు కట్టే రుసుము మిగిలింది. తమకు నచ్చిన కూరగాయలు, పప్పులు, గుడ్లు కొనుక్కునే స్వేచ్ఛ ఉంది. బస్తాల్లో వచ్చే గోధుమపిండి కంటే ఇది మేలు. కానీ స్కాన్ వద్దనే ఇఖ్తియార్ ఆకలితో ఉన్నవాడికి ఉంటుందా?

యమన్‌లో 2019 జూన్‌లో ఇదే తగాదా అయింది. సాయం పక్కదారి పడుతోంది, వేలిముద్రలు తీసుకోవాలని ఆహార సంస్థ పట్టుబట్టింది. సనా పాలకులైన హూతీలు ఆ వివరాలు తమ చేతుల్లోనే ఉండాలన్నారు. తగాదా తేలేదాకా సనాలో సాయాన్ని కొంత ఆపేశారు. 8.5 లక్షల మంది మీద దాని ప్రభావం పడింది. ఆగస్టులో రాజీ కుదిరి మళ్లీ మొదలుపెట్టారు. రెండు నెలలు. డేటా ఎవరిదన్న బహస్ పెద్దలది, ఫాఖా బిడ్డలది.

దస్తర్‌ఖాన్ మీద ఏం తగ్గుతుంది?

కార్డు పోతే ఆకలితో ఎవరు చస్తారు, ఎలాగోలా బతుకుతారు గదా అనేవాళ్లుంటారు. లెక్క చూద్దాం. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోలు. అంటే రోజుకు 200 గ్రాముల బియ్యం, దాదాపు 700 కేలరీలు. పెద్ద మనిషికి రోజుకు కావాల్సిన దానిలో ఇంచుమించు మూడోవంతు. ఐదుగురున్న ఇంటికి ముప్పై కిలోలు. ఇవే బజార్లో కిలో నలభై, యాభై పెట్టి కొంటే నెలకు పన్నెండు నుంచి పదిహేను వందల రూపాయలు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కిరాయి ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, స్కూలు ఫీజు ఆగదు. దస్తర్‌ఖాన్ మీదే కోత పడుతుంది. మొదట పండ్లు పోతాయి. తర్వాత పాలు పలచబడి చాయ్‌కే పరిమితమవుతాయి. వారానికోసారి వచ్చే గోష్త్ పదిహేను రోజులకు వెళ్తుంది. పప్పు నీళ్లవుతుంది. గుడ్డు ఉంటే అబ్బాయి గిన్నెలో పడుతుంది. అమ్మాయి, అమ్మీ ఖట్టాతో సర్దుకుంటారు. బయటికి చూస్తే ఆ ఇంట్లో మూడు పూటలా అన్నం ఉడుకుతూనే ఉంటుంది. రక్తహీనత లోపల పెరుగుతుంది. బియ్యం పోతే కోతపడేది బియ్యం కాదు, బియ్యం పక్కన ఉండాల్సినవి. ఖాఫిలాలోని ఆ తల్లి బిడ్డకు పాలు మాన్పించినట్టే, ఇక్కడా ఒక జాబితా షరతు పిల్లల నోటి దాకా వెళ్తుంది.

ఇంతకూ మనం ఏం చేయాలి?

జజ్బాతీగా మాట్లాడి వదిలేస్తే ఫాయిదా లేదు. కొన్ని పనులు మన చేతుల్లో ఉన్నాయి.

ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. అది దయ కాదు, హక్కు. ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన పెద్ద ఆడమనిషే కార్డుకు యజమాని అని ఆ చట్టం చెప్తోంది. హక్కున్న సరుకు ఇవ్వకపోతే భత్యం ఇవ్వాలనీ ఉంది. ఫిర్యాదు వినడానికి ప్రతి జిల్లాలో ఒక అధికారి, రాష్ట్రంలో ఫుడ్ కమిషన్ ఉండాలని ఉంది. కార్డు కొట్టేస్తే నోటితో చెప్పిన మాటతో ఊరుకోకండి. ఎందుకు కొట్టేశారో రాతలో ఇమ్మనండి. కారు ఉందంటే ఏ నంబరు కారో చెప్పమనండి. వేలిముద్ర పడకపోతే కనుపాప చూడమనండి, అదీ కాకపోతే రిజిస్టర్‌లో రాసి ఇమ్మనండి.

ఈమధ్య ఈ-కేవైసీ అంటూ ఇంట్లో అందరి వేలిముద్రలూ అడుగుతున్నారు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు ఎన్నో ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు మొదటి వారంలోనే ఈ పని చేయించండి. ఆధార్‌లో, కార్డులో, ఓటరు కార్డులో పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉండేలా చూసుకోండి. ఇది మన తప్పు కాకపోయినా భారం మన మీదే పడుతోంది గనుక చెప్తున్నాను. చదువుకున్న పిల్లలున్న మస్జిద్ కమిటీలు, బస్తీ సంఘాలు జుమా తర్వాత ఒక గంట కూర్చొని జనం కాగితాలు సరిచేయిస్తే అది ఇఫ్తార్ దావత్‌కు ఏమాత్రం తీసిపోని సవాబ్. ఆ బేవా వెంట ఒక్క చదువుకున్న పిల్లవాడు మొదటి రోజే ఆఫీసుకు వెళ్లుంటే ఆమెకు అన్ని ఏళ్లు పట్టేవి కావు.

ఇక సర్కారును అడగాల్సింది ఒక్కటే. కార్డు కొట్టేసే ముందు ఒక మనిషిని ఇంటికి పంపండి. సాఫ్ట్‌వేర్ షక్ పడొచ్చు. ఫైసలా చేసేది మాత్రం ఆ ఇంటి పొయ్యి చూసినవాడై ఉండాలి.

దీవాన్ రాయించింది ఉమర్. రాత్రి నడిచిందీ ఉమరే. ఆయనకు రిజిస్టర్ మీద నమ్మకం లేక కాదు, రిజిస్టర్‌కు చెవులు లేవని తెలుసు గనుక నడిచారు. మనం రిజిస్టర్‌ను ఎన్నో రెట్లు పెంచుకున్నాం, నడవడం మానేశాం.

మా ఖాలాకు మూడో రోజు ఎడమ చేతి ఉంగరపు వేలు పడింది. ఆ వేలితో బీడీలు చుట్టే పని తక్కువ. ఇప్పుడు నెలనెలా ఆ వేలిని జాగ్రత్తగా దాచుకుంటుంది. గిన్నెలు తోమేటప్పుడు కూడా ఆ ఒక్క వేలికి గుడ్డ చుట్టుకుంటుంది.